లడ్డూగాడి కాపురానికి పెట్టిన ముహూర్తం

ముందే ఒప్పుకుంటున్నాను. ఈ కథలో తెలివితక్కువవాడెవడా అని మీరు వెతుక్కోనక్కర్లేదు, నేనే. పిల్లలు పుట్టకుండా దగ్గరుండి ఆపరేషన్ చేయించి, మూడు నెలలు తిరక్కుండా దగ్గరుండి పురుడు కూడా పోయించిన మనిషి మేముండే ఈ మంచుదేశపు కాల్గరీ మొత్తానికి నేనొక్కణ్ణేనని మా ఆవిడ స్వప్న ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతోంది. చెప్పుకోనివ్వండి. నా మంట దానిమీద కాదు. నేను చేసిన తప్పుకు నేను తలవంచుకుంటాను, అది న్యాయం. కానీ నేను చేసిన తప్పుకు ఇంకొకాయన శాలువా కప్పించుకున్నాడే! అదీ నా బాధ. ఆ శాలువా తలుచుకుంటే మైనస్ ముప్ఫైలో కూడా నాకు చెమటలు పడతాయి.

ముందుగా లడ్డూగాణ్ణి పరిచయం చేస్తాను. లడ్డూ మా ఇంటి గినీపిగ్. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: కుందేలుకు చెవులు తగ్గించి, ఎలుకకు తోక తీసేసి, మిగిలిన సామానంతా కలిపి ఒకే బొచ్చులో చుట్టేస్తే వచ్చేది గినీపిగ్. పేరులో పిగ్గు ఉందిగానీ పందితో దానికి ఏ బంధుత్వమూ లేదు. ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడైతే చాలు, కుక్కర్ విజిల్ వేసినట్టు వేస్తుంది. మా లడ్డూ మగవాడు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దాని పర్యవసానమే.

మా అమ్మాయి మేఘన పదకొండో పుట్టినరోజుకు ఇద్దరు అన్నదమ్ముల్ని తెచ్చాం, లడ్డూ, కాజా. గినీపిగ్గులకు ఒంటరితనం పడదు, ఎప్పుడూ జంటగానే పెంచాలి. మగా ఆడా తెస్తే ఇల్లు ప్రసూతి ఆసుపత్రి అవుతుంది. కనక ఇద్దరు మగవాళ్ళు. ఎంత ముందుచూపో చూశారా? నాలుగు నెలలు రామలక్ష్మణుల్లాగా ఒకే పళ్ళెంలో తిన్నారు. ఐదో నెలలో యౌవనం వచ్చింది. దాంతోపాటు ఎండుగడ్డి పంపకాల దగ్గర తగాదా వచ్చింది. ఒకరోజు కాజా చెవి చిరిగింది, మర్నాడు లడ్డూ మూతి పగిలింది. ఆఖరికి కాజాను మేఘన స్నేహితురాలింటికి పంపాం. అక్కడున్న ముసలి గినీపిగ్గుకు పళ్ళూ లేవు, పట్టింపులూ లేవు. కాజా సుఖపడ్డాడు.

లడ్డూ మాత్రం మూలకు తిరిగి కూర్చున్నాడు. కొత్తిమీర పెడితే వాసన చూసి వదిలేశాడు. విజిల్ మానేశాడు. మేఘన రోజూ బడినుంచి రాగానే కోటు కూడా విప్పకుండా బోను పక్కన కూర్చునేది. "నాన్నా, హీ ఈజ్ సో లోన్లీ. డూ సమ్‌థింగ్."

చేద్దామనే చేశాను. ఆ మాట మీరు మరిచిపోకండి.

"మగవాడికి మగవాడు కుదరనప్పుడు ఆడతోడు మంచిది. కానీ ముందు ఆపరేషన్ చేయించాలి" అంది జంతువుల డాక్టరమ్మ. చేయించాం. ఇంటికి పంపేముందు ఆవిడ నన్నూ, మేఘననూ కూర్చోబెట్టి బొమ్మ గీసి మరీ వివరించింది. ఇక్కడ నా పరిస్థితి ఒక్కసారి ఊహించండి. పదకొండేళ్ళ కూతురు పక్కన కూర్చుని మగజీవి లోపలి ఏర్పాట్ల గురించి నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే ఏ తెలుగు తండ్రి తలెత్తి వింటాడు? నేను గోడమీదున్న పిల్లి పళ్ళ పటాన్ని చూస్తూ కూర్చున్నాను. పిల్లికి ముప్ఫై పళ్ళుంటాయి, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. డాక్టరమ్మ మాటల్లో నా చెవిన పడ్డవి మూడే: "ఆరు వారాలు", "విడివిడిగా", "సరేనా?" మూడోదానికి మాత్రం గట్టిగా "యెస్, యెస్" అన్నాను.

తరవాత వధువు అన్వేషణ. దిక్కులేని గినీపిగ్గులను చేరదీసి మంచి ఇళ్ళు చూసి పంపించే మార్గరెట్ అనే పెద్దావిడ దగ్గరికి వెళ్ళాం. ఇంటి బేస్‌మెంట్ నిండా బోన్లే. ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలు మా మామగారు కూడా నన్ను అడగలేదు. రోజుకు ఎన్ని గంటలు ఇంట్లో ఉంటారు? కోపం వస్తే అరుస్తారా? మీ బోను పొడవెంత? నేను చేతులు చాచి చూపిస్తే నమ్మకుండా టేపుతో నా చేతుల్నే కొలిచింది. ఆఖరికి, ఇంతకుముందు ఒక కాన్పు అయి ఆవిడ దగ్గరికి చేరిన గోధుమరంగు పిల్లను మాకిస్తానని ఒప్పుకుంది. మేఘన అక్కడికక్కడే జిలేబి అని పేరు పెట్టేసింది.

కాగితం మీద సంతకం పెట్టాలి. అందులో ఒక షరతు: మా ఇంట్లో జిలేబికి పిల్లలు పుడితే దాన్ని వెనక్కి తీసుకెళ్ళే హక్కు మార్గరెట్‌ది. నా సంతకం కింద మేఘన కూడా తన గుండ్రటి అక్షరాలతో పేరు రాసింది.

"ఆరు వారాలు నిండేదాకా రెండు బోన్లు. పక్కపక్కన పెట్టండి, కలపకండి" అంది మార్గరెట్ ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా విడగొట్టి.

"యెస్, యెస్" అన్నాను. రెండోసారి.

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. రెండు బోన్లూ పక్కపక్కన పెట్టాం. లడ్డూగాడు లేచాడు, తిన్నాడు, కమ్మీలకు ముక్కు ఆనించి రోజంతా అటే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు వచ్చారండీ విశ్వేశ్వరరావు గారు.

ఈయన మా వెనక వీధిలో ఉంటారు. అమలాపురం మనిషి. ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో, మనసు పంచాంగంలో. ఫోన్‌లో కాల్గరీ సూర్యోదయాన్నిబట్టి లెక్కగట్టే పంచాంగం యాప్ ఒకటుంది. మా తెలుగువాళ్ళల్లో ఎవరు కారు కొన్నా, ఇల్లు మారినా, పిల్లాడికి మొదటిసారి స్కేట్స్ తొడిగినా, ఈయన గడియారం చూసి "ఊ" అనందే కదలరు. ఒక శనివారం పొద్దున కాఫీకి వచ్చి బోన్ల ముందు ఆగారు.

"ఏవండీ శ్రీధర్ గారూ, ఎవరండీ ఈ కొత్తమ్మాయి?"

"లడ్డూగాడికి తోడండీ. ఏప్రిల్ మధ్యలో కలుపుతాం."

ఆయన కాఫీ కప్పు కింద పెట్టేశారు. "ఏప్రిల్ మధ్యలోనా? మూఢంలో కొత్త కాపురం పెట్టిస్తారా?"

"గినీపిగ్గులకు మూఢమేమిటండీ!"

"మీరు మరీనండీ. శుక్రుడు అస్తమిస్తే మీకూ నాకూ మాత్రమే అస్తమిస్తాడేంటండీ? సృష్టి మొత్తానికీ అస్తమిస్తాడు." ఫోన్ తీసి బొటనవేలితో గ్రహాలను పైకీ కిందికీ తోశారు. "వచ్చే బుధవారం మొదలు. మళ్ళీ జూన్ దాకా ఒక్క ముహూర్తం లేదు. పాపం కుర్రాడు, అప్పటిదాకా కమ్మీలు నాకుతూ కూర్చోవాలా? రేపు ఆదివారం పదీ నలభైరెండుకు వృషభ లగ్నం. దివ్యంగా ఉందండీ. స్థిర లగ్నం. కాపురం ఇక కదలదు."

వంటింట్లోంచి స్వప్న బయటికొచ్చింది. మా ఆవిడది కరీంనగర్. "అట్లెట్ల కలుపుతరు? డాక్టర్ ఆరు వారాలన్నది గదా. రెండు వారాలే అయినయ్."

ఇప్పుడు నేను నోరు మూసుకుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. మూసుకోలేదు. "ఈ దేశంలో అన్నీ అతిజాగ్రత్తలే స్వప్నా. కాఫీ కప్పుమీద కాఫీ వేడిగా ఉంటుందని రాసుకునే జనం వీళ్ళు. వీళ్ళు ఆరు అన్నారంటే మనం రెండు అనుకోవాలి. అయినా ఆపరేషన్ అయిపోయాక ఇంకేం మిగులుతుంది?"

మేఘన నోట్‌బుక్ తెచ్చింది. "నాన్నా, అదే మిగులుతుంది! డాక్టర్ ఎక్స్‌ప్లెయిన్డ్ ఇట్. ట్యాప్ ఆఫ్ చేసినా పైప్‌లో వాటర్ ఉంటుంది. దిస్ ఈజ్ సైన్స్."

"సైన్స్ ఎక్కడికీ పోదమ్మా, ముహూర్తం పోతుంది" అన్నారు విశ్వేశ్వరరావు గారు.

"బట్ మార్గరెట్ సెడ్..."

"మార్గరెట్ గారికి మూఢం సంగతి ఏం తెలుసు తల్లీ?" అన్నాను. నేనే అన్నాను. ఈ నోటితోనే.

ఏ గుంటా పడని రోడ్డుమీద కూడా సీటుబెల్టు పెట్టుకునే మనిషిని. పెరుగు డబ్బా మీద తేదీ చూడందే మూత తీయను. అలాంటివాణ్ణి, డాక్టరు చెప్పిన ఆరు వారాల్లోంచి నాలుగు వారాలు నిర్భయంగా కొట్టేశాను. అదే పదీ నలభైరెండు అన్నదాన్ని పదీ నలభైమూడు మాత్రం కానివ్వలేదు.

గినీపిగ్గులు కొట్టుకోకుండా ఉండాలంటే ఇద్దరికీ కొత్త అయిన చోట పరిచయం చేయాలట. మా ఇంట్లో ఇద్దరికీ కొత్త చోటు బాత్రూమే. కనక ఆ శుభకార్యం బాత్‌టబ్బుకూ సింకుకూ మధ్య జరిగింది. విశ్వేశ్వరరావు గారు టబ్బు అంచున కూర్చుని ఫోన్ పట్టుకున్నారు. నేను కుడిచేత్తో లడ్డూను, ఎడంచేత్తో జిలేబిని పట్టుకుని నిలుచున్నాను. మేఘన గుమ్మంలో చేతులు కట్టుకుని నన్ను చూసిన చూపు వాళ్ళ ప్రిన్సిపాల్ చూపులా ఉంది.

"ముప్ఫై సెకన్లండీ... పది... కానివ్వండి!"

దింపాను. స్వప్న ముసిముసిగా నవ్వుతూ రెండు అక్షింతలు చల్లింది, వెంటనే చీపురు తెచ్చుకుంది. లడ్డూగాడు ఒక్క క్షణం ఆగాడు. తరవాత వీపు కాస్త వంచి, నడుము ఇటూ అటూ ఊపుతూ, గొంతులోంచి "డుర్‌ర్‌ర్" అంటూ జిలేబి చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు అచ్చం వైబ్రేషన్‌లో పెట్టిన ఫోన్‌లా ఉంటుంది. విశ్వేశ్వరరావు గారు కంగారుగా తన ఫోన్ చెవిన పెట్టుకుని "హలో" అన్నారు.

"ఆపరేషనైనోనికి ఇంత హుషారా?" అంది స్వప్న అనుమానంగా.

"స్నేహభావం" అన్నాను.

ఆ స్నేహభావం ఎంత గాఢమైనదో తరవాత తెలిసింది. ఒకే గిన్నెలో తిన్నారు, ఒకే గుడ్డ గూటిలో పడుకున్నారు. ఇంట్లో మళ్ళీ విజిళ్ళు మోగాయి. జిలేబి కాస్త ఒళ్ళు చేస్తే నేను పొంగిపోయాను. "చూశారా, అత్తారింటి తిండి వంటబట్టింది!" అని కొత్తిమీర రెట్టింపు చేశాను. మే నెలకు జిలేబి జాంగ్రీ అయింది. మా ఇంట్లో ఆ పిల్ల కడుపునిండా తింటోందని నాకు ఎంత గర్వమో! నడుస్తుంటే సోఫా దిండుకు కాళ్ళొచ్చినట్టుండేది. అప్పటికైనా అనుమానించాలి కదా? లేదు. గడ్డి బ్రాండు మంచిదనుకున్నాను.

ఒక గురువారం పొద్దున మేఘన కేక వేసింది. "నాన్నా! దేర్ ఆర్ సిక్స్!"

"ఏమిటి సిక్స్?"

"సిక్స్ గినీపిగ్స్!"

కళ్ళజోడు లేకుండా పరిగెత్తాను. పెట్టుకున్నాక కూడా ఆరే. నాలుగు పిల్లలు. మిగతా జంతువుల పిల్లల్లాగా కళ్ళు మూసుకుని, బొచ్చు లేకుండా పడుండలేదు. కళ్ళు తెరుచుకుని, తలలు దువ్వుకున్నట్టు నున్నగా, ఎవరో ఆహ్వానిస్తే వచ్చిన అతిథుల్లాగా గడ్డి నములుతూ అటూ ఇటూ తిరుగుతున్నాయి. లడ్డూగాడు వాటి మధ్య అమాయకంగా కూర్చున్నాడు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఒకే ప్రశ్న అడిగింది: "ఎన్ని వారాలు ఆగారు?" చెప్పాను. మన సినిమాల్లో చెబుతారే, ఆపరేషన్ సక్సెస్, పేషెంటు పోయాడని. మా ఇంట్లో ఆపరేషన్ సక్సెస్, పేషెంటు తండ్రి.

నవ్వొస్తోందా? నాకూ వచ్చింది, మేఘన మొహం చూసేదాకా. అది ఏడుస్తోంది.

"మార్గరెట్ విల్ టేక్ జిలేబి అవే. లడ్డూ మళ్ళీ అలోన్ అయిపోతాడు."

"మనం చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందమ్మా?" అన్నాను. అది నా జీవితంలో రెండో పెద్ద తెలివితక్కువ మాట.

"ఐ సైన్డ్ ఇట్, నాన్నా" అంది. నా సెల్లు నా చేతిలోంచి తీసుకుని మార్గరెట్‌కు తనే ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆదివారం వచ్చి చూస్తానందట. ఆ మూడు రోజులూ మేఘన నాతో మాట్లాడలేదు. పళ్ళెంలో పెట్టింది తిని వెళ్ళి బోను పక్కన కూర్చునేది. జిలేబి నెమ్మదిగా వచ్చి దాని వేలు నాకేది. చూసి నాకు అన్నం దిగేది కాదు.

మధ్యలో శనివారం మా తెలుగువాళ్ళ పాట్‌లక్, తలో వంటకం తెచ్చుకునే విందు. మొహం చెల్లక ఓ మూల పులిహోర పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. హాలు మధ్యలో విశ్వేశ్వరరావు గారి గొంతు ఖంగుమంటోంది.

"ఆపరేషనైపోయిందండీ కుర్రాడికి! డాక్టర్లు ఇక లాభం లేదన్నారు. నేను పెట్టిన ముహూర్తానికి నలుగురు! ఒకరు కాదండోయ్, నలుగురు!"

చుట్టూ ఆహా ఓహో. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి సిగ్గుపడుతూ ఆయన ఫోన్ నంబరు తీసుకుంటోంది. మా సంఘం అధ్యక్షుడు ఎక్కణ్ణించి తెచ్చాడో ఒక శాలువా తెచ్చి ఆయన భుజాలమీద కప్పేశాడు. చప్పట్లు! నా ఇంట్లో, నా బాత్రూములో, నా కూతురి కన్నీళ్ళతో జరిగినదానికి ఆయనకు శాలువా!

నేను పళ్ళెంతో సహా దూసుకెళ్ళాను. "అది ముహూర్తబలం కాదండీ! ఆరు వారాలు ఆగకపోవడం! పిల్లలు పుట్టకూడదనే కదండీ ఆపరేషన్ చేయించింది!"

"చూశారా, మంచి చేసినా నిష్ఠూరమే" అన్నారాయన శాలువా సర్దుకుంటూ, అందరివైపూ చూసి. "పుట్టకూడదన్నా పుట్టారంటే అది బలం కాదేంటండీ?"

"రేపు ఆవిడ వచ్చి జిలేబిని తీసుకెళ్ళిపోతుందండీ! మా అమ్మాయి నాతో మాట్లాడటం లేదు!"

"రేపా?" ఫోన్ తీశారు. "ఉండండి, ప్రయాణానికి వారశూల ఉందేమో చూస్తాను."

నా పులిహోర ఆయన శాలువామీద పడకపోవడానికి ఒకే ఒక్క కారణం, అప్పటికే స్వప్న నా మోచెయ్యి పట్టుకోవడం. "పద. ఇంటికి పోదాం" అంది.

ఆదివారం మార్గరెట్ వచ్చింది. చేతిలో ఖాళీ బోను. దాన్ని చూడగానే మేఘన జిలేబి దగ్గరికి జరిగింది. మార్గరెట్ నేలమీద కూర్చుని పిల్లల్ని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసింది. ఇద్దరు మగ, ఇద్దరు ఆడ. జిలేబిని నిమిరింది. బోనులో లడ్డూగాడు పడుకుని ఉంటే ఆవిడ చూసి వదిలిన రెండు పిల్లలు వాడి వీపెక్కి జారుతున్నాయి. వాడు కదల్లేదు.

"ఆరు వారాల సంగతి నీకు తెలుసా?" అని మేఘనను అడిగింది.

మేఘన నోట్‌బుక్ తెరిచి ఇచ్చింది. డాక్టరమ్మ చెప్పినదంతా ఉంది. "ఆరు వారాలు" కింద మూడు గీతలున్నాయి. పక్కనే "నాన్న డిడ్ నాట్ లిజన్" అని తేదీతో సహా ఉంది.

మార్గరెట్ చదివింది. నావైపు చూసింది. నేను పిల్లి పళ్ళ పటం కోసం గోడలు వెతికాను. మా ఇంట్లో లేదు.

"తప్పు చేసింది ఈ జంట కాదు, ఈ అమ్మాయీ కాదు" అంది మార్గరెట్. "నిజం చెప్పిన పిల్ల ఉన్న ఇంట్లోంచి నేను జిలేబిని తీసుకెళ్ళను. అది ఇక్కడే ఉంటుంది, లడ్డూతో. లడ్డూతో ఇక భయం లేదు. మగపిల్లలిద్దర్నీ మూడు వారాలకు తల్లినుంచి వేరు చేయాలి, లేకపోతే ఈ కథ మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు నా దగ్గరికి పంపండి, మంచి ఇళ్ళు చూస్తాను."

మేఘన ఆవిడ మెడ కౌగిలించుకుంది. తరవాత, మూడు రోజుల తరవాత మొదటిసారి, నావైపు తిరిగి "నాన్నా, కొత్తిమీర" అంది. పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి మార్గరెట్ నాకోసం ఒక ఫారం తీసి ఉంచింది. ఇలా జరిగిన ఇళ్ళవాళ్ళు నింపాలట. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎవరి సలహామీద జరిగింది. బాధ్యులందరూ ఆవిడ ఇంటికి వచ్చి గినీపిగ్గుల పెంపకం క్లాసుకు హాజరు కావాలట. నాకు వచ్చే ఆదివారం వేసింది.

"మీకు సలహా ఇచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా?"

జీవితంలో ఏ ఫారమూ నేనంత ఆనందంగా నింపలేదు. పర్మనెంట్ రెసిడెన్సీ ఫారం కూడా.

రెండు రోజులకు విశ్వేశ్వరరావు గారు ఫోన్ చేశారు. గొంతులో తేనె. "శ్రీధర్ గారూ, ఆ మార్గరెట్ గారు స్వయంగా పిలిచారండీ నన్ను! గినీపిగ్గుల సంతానం విషయంలో నా పాత్ర గురించి మాట్లాడాలిట. చూశారా, నా పేరు ఎక్కడిదాకా వెళ్ళిందో! గెస్టు లెక్చర్ అయ్యుంటుందండీ."

"అయ్యుంటుందండీ" అన్నాను.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ ఫోన్. ఈసారి తేనె లేదు.

"సూటేసుకుని, ఆ శాలువా కూడా కప్పుకుని వెళ్ళానండీ! చేతులకు తొడుగులిచ్చి పదహారు బోన్లు కడిగించిందండీ ఆవిడ! మగదో ఆడదో ఎలా గుర్తుపట్టాలో తిప్పి తిప్పి చూపించి, పరీక్ష కూడా పెట్టింది. మళ్ళీ వచ్చే వారం కూడా రమ్మంది, ఫెయిలయ్యానట! అసలు ఆ టైమేంటండీ? పది నుంచి పదకొండున్నర! యాప్‌లో చూశాను, నడి రాహుకాలం! మార్చమ్మా అంటే, మీకు అనుకూలమైన సమయం ఇదేనని ఫారంలో రాసుంది, మార్చడం కుదరదు అందండీ. ఎవడండీ రాసింది?"

"అయ్యో" అన్నాను. ఎంతో సానుభూతితో.

కనక పెద్దలందరి ఎదుటా, ఆరుగురు గినీపిగ్గుల సాక్షిగా, ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట డాక్టరు ఆరు వారాలంటే నాకు ఆరు వారాలే. ఒక్క పూట తగ్గించను. కూతురు పక్కనుంటే గోడవైపు చూడను. ఏ ప్రాణి కాపురానికీ పంచాంగం చూడను, లగ్నం చూడను, మూఢం చూడను. రాహుకాలం కూడా చూడను. ఆ ఫారంలో సలహాదారుకు అనుకూలమైన సమయం అన్న గడిలో "ప్రతి శనివారం, పది నుంచి పదకొండున్నర" అని రాసేముందు ఒక్కసారి చూశాను. అదే ఆఖరు.